ముందే తెలిసిన కష్టం ఎవరి సొత్తు?



పిత్తాశయంలో రాళ్లు అన్నమాట ఇప్పుడు మన విచారణల్లో ఎవరికీ కొత్త కాదు. అన్నం తిన్న కొంతసేపటికి కుడి డొక్క కింద పట్టేసినట్టు నొప్పి వస్తుంది. అది వీపులోకీ భుజంలోకీ పాకుతుంది. గ్యాసే కదా అని ఒక మాత్ర వేసుకుంటాం. చివరికి ఒకనాడు తట్టుకోలేక స్కానింగు తీయించుకుంటే రాళ్లున్నాయని తేలుతుంది. ఆ తరువాత వినిపించే మాట కూడా మనకు కంఠస్థమే: “ఏం భయం లేదు. చిన్న చిన్న రంధ్రాలు పెట్టి తీసేస్తారు. రెండో రోజుకల్లా ఇంట్లో ఉంటారు.”

చాలామంది విషయంలో ఆ మాట నిజమే అవుతుంది. కొందరి విషయంలో కాదు. గంటలో అయిపోతుందనుకున్నది మూడు గంటలు పడుతుంది. రంధ్రాలతో మొదలుపెట్టి, మధ్యలో పొట్ట కోసి పూర్తి చేయాల్సి వస్తుంది. బయట కూర్చున్నవారి గుండెలు దడదడలాడతాయి. డాక్టరుగారు బయటికి రాగానే “ముందు ఇట్ల చెప్పలేదు గద సార్” అన్న నిలదీత మొదలవుతుంది.

ఆ నిలదీతలో ఒక న్యాయమైన ప్రశ్న దాగి ఉంది. ఎందుకంటే ఏ రోగికి ఈ ఆపరేషన్ కష్టమవుతుందో చాలావరకు ముందుగానే అంచనా వేసే పద్ధతులు నేడు వైద్యుల చేతిలో ఉన్నాయి. అలా ముందే తెలిసిన సంగతి ఎవరి సొత్తు? సర్జనుదా? ఆసుపత్రిదా? కాగితం మీద సంతకం చేసే భర్తదా, కొడుకుదా? లేక రేపు ఉదయం ఆ బల్ల మీద పడుకోబోయే మనిషిదా? పైకి ఇది వైద్యానికి సంబంధించిన ప్రశ్నలా కనిపించినా లోపల నీతికి సంబంధించినది. నెమ్మదిగా ఆలోచిద్దాం.

అంచనా ఎలా వేస్తారు?

పిత్తాశయాన్ని మొట్టమొదట శరీరంలో నుంచి తీసివేసినవాడు కార్ల్ లాంగెన్‌బుక్ అనే జర్మన్ సర్జన్. అది 1882లో, బెర్లిన్ నగరంలో జరిగింది. ఆ తరువాత నూరేళ్లపాటు పొట్ట కోయడమే మార్గం. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె చిన్న రంధ్రాల ద్వారా ఆ పని చేసి చూపించాడు. మొదట ఆయనను తోటి సర్జన్లే నమ్మలేదు. మన దేశంలో 1990లో ముంబాయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ తెహమ్‌టన్ ఉద్వాడియా దీనిని ప్రారంభించారు. నేడు జిల్లా కేంద్రాల్లో సైతం ఇది మామూలు ఆపరేషనే.

అయితే మామూలు ఆపరేషన్ అంటే సులువైన ఆపరేషన్ అని అర్థం కాదు. పిత్తాశయం కాలేయం కింద అంటిపెట్టుకుని ఉండే చిన్న సంచి. దాని నుంచి ఒక సన్నని గొట్టం బయలుదేరి, కాలేయం నుంచి పేగులోకి పైత్యరసాన్ని మోసుకుపోయే పెద్ద నాళంలో కలుస్తుంది. సర్జను కత్తిరించవలసింది సన్నని గొట్టాన్ని మాత్రమే. పొరపాటున పెద్ద నాళానికి దెబ్బ తగిలిందా, ఆ రోగి నెలల తరబడి, ఒక్కోసారి జీవితాంతం బాధపడవలసి వస్తుంది. సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం వెయ్యి ఆపరేషన్లలో 3 నుంచి 5 వరకు ఇలాంటి దెబ్బలు తగులుతుంటాయి. గతంలో పలుమార్లు వాపు వచ్చి తగ్గిన చోట కండ, కొవ్వు, నాళం అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఏది ఏదో తెలియని ముద్దలా ఉంటాయి. కష్టమంతా అక్కడే.

ఈ కష్టాన్ని ముందే కొలవడానికి పలు దేశాల్లో పలు కొలమానాలు తయారయ్యాయి. మన దేశపు సర్జన్లు రంధావా, పూజాహరి గార్లు 2009లో ప్రకటించినది వాటిలో బాగా పేరు పొందింది. అది ఖరీదైన యంత్రం ఏమీ కాదు, 15 మార్కుల పట్టిక. వయసు 50 దాటితే 1 మార్కు, పురుషుడైతే 1, పిత్తాశయం వాపుతో గతంలో ఆసుపత్రిలో చేరి ఉంటే 4. ఎత్తుకు తగని బరువు ఉంటే 1 లేదా 2. పొట్టమీద పాత ఆపరేషన్ మచ్చ బొడ్డుకు కింద ఉంటే 1, పైన ఉంటే 2. చేతికి పిత్తాశయం తగిలితే 1. ఇక స్కానింగులో పిత్తాశయపు గోడ 4 మిల్లీమీటర్లు లేదా అంతకంటే మందంగా ఉంటే 2, చుట్టూ నీరు చేరి ఉంటే 1, రాయి ఇరుక్కుని ఉంటే 1. మొత్తం 5 లోపు వస్తే సులువు, 6 నుంచి 10 వరకు కష్టం, 11 నుంచి 15 వరకు మరీ కష్టం.

ఉదాహరణకు సన్నగా ఉండే 40 ఏళ్ల తల్లి, ఎన్నడూ ఆసుపత్రిలో చేరలేదు, స్కానింగులో గోడ పలుచగా ఉంది. ఆమెకు సున్నా. అదే 55 ఏళ్ల రైతు, ఒకసారి ఈ నొప్పితోనే ఆసుపత్రిలో పడుకుని వచ్చాడు, గోడ మందమైంది, రాయి ఇరుక్కుని ఉంది. ఒకటి, ఒకటి, నాలుగు, రెండు, ఒకటి – మొత్తం 9. ఇద్దరిదీ ఒకే జబ్బు, ఒకే ఆపరేషన్. కాని ఇద్దరి ముందున్న దారి ఒకటి కాదు.

మెదక్‌లోనే దొరికే స్కానింగు, ఒక చిన్న సంభాషణ, చేతి స్పర్శ, ఇవి చాలు ఈ లెక్కకు. కనుక “ఎవరికి తెలుసు?” అని చేతులు దులుపుకునే వీలు ఇక లేదు. తెలుసుకోగలిగినది తెలుసుకోవడం బాధ్యత అవుతుంది.

జోస్యం వేరు, ముందుచూపు వేరు

ఇక్కడ కొందరు విశ్వాసులకు ఒక సందేహం కలగవచ్చు. “రేపేం జరగబోతుందో దేవునికే ఎరుక. మనిషి ముందే లెక్కలు వేయడం ఆయన మీద నమ్మకం లేకపోవడం కాదా?” అని. దీనికి సరిగ్గా ఎదురుగా మరో అలవాటు కూడా మన ఇళ్లలో ఉంది. ఆపరేషన్‌కు మంచిరోజు చూడమనడం, అమావాస్య దాటనీయమనడం, మంగళవారం వద్దనడం. ఒకరు ఏ అంచనా వద్దంటారు, మరొకరు తప్పుడు అంచనాను నమ్ముతారు.

పునీత తోమస్ అక్వినాస్ వివేకం అనే సుగుణాన్ని గురించి వివరంగా రాశారు. వివేకానికి ఉన్న అంగాలలో జ్ఞాపకం, నేర్చుకునే వినయం, పరిసరాల గమనింపు, జాగ్రత్త మొదలైన వాటిని చెప్పి, వాటన్నిటిలో ముందుచూపే ప్రధానమైనదని ఆయన తేల్చారు. లాటిను భాషలో వివేకానికి ఉన్న పేరే ముందుచూపు అనే మాట నుంచి వచ్చిందని ఆయన అంటారు. మరో విశేషం ఏమిటంటే, దేవుడు ఈ సృష్టిని కనిపెట్టి చూసుకునే దైవపాలనకు కూడా ఆ భాషలో అదే మాట. అంటే తన బిడ్డల కోసం, తన రోగి కోసం ముందుచూపు చూపే మనిషి దేవుని పనికి అడ్డు రావడం లేదు. తన కొలతలో ఆ పనిలో పాలుపంచుకుంటున్నాడు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని క్రీస్తు ప్రభువే లూకా సువార్త 14వ అధ్యాయంలో అడిగారు కదా.

జోస్యానికీ ముందుచూపుకూ తేడా మూడు విషయాల్లో ఉంది. మొదటిది, ముందుచూపు కారణం చెబుతుంది. గోడ 4 మిల్లీమీటర్లుంటే లోపల అతుకులు ఎందుకు ఉంటాయో డాక్టరు వివరించగలడు. మంగళవారానికీ పిత్తాశయానికీ సంబంధం ఏమిటో ఎవరూ వివరించలేరు. రెండవది, ముందుచూపు పరీక్షకు నిలబడుతుంది. తప్పితే తప్పిందని ఒప్పుకుని తనను తాను దిద్దుకుంటుంది. మూడవది అన్నిటికంటే ముఖ్యం. జోస్యం తలరాతను చెప్పి చేతులు కట్టేస్తుంది, ముందుచూపు చేయవలసిన పనిని చెప్పి చేతులకు పని పెడుతుంది.

ఈ మూడవ తేడా తెలియాలంటే యోనా ప్రవక్త కథను చూడాలి. 40 రోజుల్లో నీనెవె నాశనమవుతుందని అతడు ప్రకటించాడు. ప్రజలు విన్నారు, మారారు, నగరం నిలిచింది. చెప్పినది జరగలేదని యోనా అలిగి ఊరి బయట కూర్చున్నాడు. నిజానికి అతని మాట వమ్ము కావడమే అతని మాటకు దక్కిన గెలుపు. సర్జను “ఇది కష్టమైన కేసు” అని అంచనా వేసి, అనుభవమున్న తోటి సర్జనును పక్కన పెట్టుకుని, రక్తం సిద్ధం చేయించి, పొద్దున్నే మొదటి ఆపరేషన్‌గా పెట్టుకుని, అంతా సాఫీగా ముగిస్తే, ఆ అంచనా తప్పినట్టు కాదు, ఫలించినట్టు. కాని మన ఇళ్లలో ఏమంటాం? “ఉత్తగనే భయపెట్టిండు.” అలా అనే కుటుంబం తరువాతి రోగికి నిజం చెప్పకుండా ఆ డాక్టరు నోరు నొక్కేస్తోంది.

అందరి లెక్క, ఒక్కరి శరీరం

అయితే లెక్కను దేవుణ్ణి చేయకూడదు. ఇందాక చెప్పిన పట్టికను 228 మంది రోగుల మీద పరీక్షించారు. అందరికీ ఆపరేషన్ చేసింది అనుభవజ్ఞుడైన ఒకే సర్జను. సులువని చెప్పినవారిలో 88.8 శాతం మందికి, కష్టమని చెప్పినవారిలో 92 శాతం మందికి అంచనా నిజమైంది. గొప్ప ఫలితమే. కాని దాన్ని తిరగేసి చదవండి. సులువని చెప్పిన ప్రతి నూరుమందిలో సుమారు 11 మందికి సులువు కాలేదు. ఆ పదకొండు మందిలో మీ అమ్మ ఉంటే, మిగతా 89 మంది క్షేమం మీకు ఏ ఓదార్పునూ ఇవ్వదు. పైగా ఆ సర్జను చేతుల్లో వచ్చిన అంకె, అంతటి అనుభవం లేని చేతుల్లో అలాగే వస్తుందని హామీ ఏమీ లేదు.

తత్వశాస్త్రం చదువుకునేవారికి మొదటి పాఠాల్లోనే ఎదురయ్యే ఒక మాట అరిస్టాటిల్‌ది. వైద్యుడు నయం చేసేది ‘మనిషి’ అనే సామాన్య భావాన్ని కాదు, కల్లియాసునో సోక్రటీసునో, అంటే పేరున్న ఒకానొక మనిషిని అని ఆయన తాత్పర్యం. శాస్త్రం గుంపును గురించి మాట్లాడుతుంది. వైద్యం ఒక్కరికి జరుగుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న సందును పూడ్చేది అంకె కాదు, వివేకం.

అక్వినాస్ కూడా ఈ సందును గమనించారు. కొన్ని కీడులు తరచుగా వచ్చేవి, వాటిని బుద్ధితో ముందే పసిగట్టి తప్పించుకోవచ్చు. మరికొన్ని అరుదుగా, అనుకోకుండా వచ్చేవి. అవి లెక్కలేనన్ని కనుక అన్నిటినీ ముందే ఊహించడం ఎవరివల్లా కాదు. అయినా జాగ్రత్తగా ఉన్నవాడు వాటి దెబ్బను తగ్గించుకోగలడు అన్నది ఆయన బోధ. ఏడువందల ఏళ్ల కిందటి ఆ మాటను నేటి ఆపరేషన్ గదిలో చూడవచ్చు. అమెరికా సర్జను స్ట్రాస్‌బెర్గ్ 1995లో ప్రతిపాదించిన నియమం ఒకటి ప్రపంచమంతటా పాటిస్తున్నారు. చుట్టూ ఉన్న కొవ్వునూ పొరలనూ శుభ్రంగా తొలగించాలి. పిత్తాశయపు కింది భాగాన్ని కాలేయం నుంచి విడదీయాలి. పిత్తాశయంలోకి పోయేవి రెండే రెండు, ఒక గొట్టం, ఒక రక్తనాళం అని కళ్లారా చూడాలి. ఈ మూడూ నెరవేరేవరకు దేన్నీ కత్తిరించరాదు. నెరవేరకపోతే? ఆగిపోవాలి. పొట్ట తెరిచి చూడాలి, లేదా పిత్తాశయాన్ని సగం వరకే తీసి బయటపడాలి, లేదా గొట్టం అమర్చి మరోనాటికి వాయిదా వేయాలి.

పట్టికలో సున్నా వచ్చినవారికీ ఈ నియమం వర్తిస్తుంది. ముందటి అంచనా ఎంత ధీమా ఇచ్చినా, కళ్లముందు కనిపించేదానికి లోబడడం వివేకవంతుని లక్షణం.

హైదరాబాదు నేర్పిన పాఠం

తన అంచనా మీద మితిమీరిన నమ్మకం పెట్టుకుంటే ఏమవుతుందో మన నేలమీదే జరిగిన ఒక సంఘటన చెబుతుంది. మెదక్ ప్రాంతమంతా నిజాం ఏలుబడిలో ఉన్న రోజులవి. ఆపరేషన్లకు మత్తుగా క్లోరోఫారం వాడేవారు. ఉన్నట్టుండి కొందరు రోగులు బల్లమీదే చనిపోయేవారు. ఆ ప్రమాదాన్ని ముందే పసిగట్టడం ఎలా? నాడి చూడాలా, శ్వాస చూడాలా? హైదరాబాదులో సర్జనుగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, శ్వాసను గమనిస్తే చాలు, గుండె ముందుగా ఆగదు అని గట్టిగా నమ్మాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసహాయంతో 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు క్లోరోఫారం కమిషన్లు హైదరాబాదులో పనిచేశాయి. రెండవదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు వచ్చాడు. వందలాది జంతువుల మీద పరీక్షలు జరిపి, లారీ చెప్పిందే నిజమని తేల్చారు.

పరీక్షలు నిజాయితీగానే జరిగాయి. శ్వాసను కనిపెట్టి చూడాలన్న సలహా కూడా మంచిదే, ఎందరినో కాపాడి ఉంటుంది. కాని గుండె ముందుగా ఆగదన్న ధీమా నిలబడలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే పరిశోధకుడు, తక్కువ మోతాదు క్లోరోఫారంతో కూడా గుండె హఠాత్తుగా లయతప్పి ఆగిపోగలదని చూపించాడు.

మంచి బుద్ధి, కష్టపడి చేసిన పరిశోధన, ప్రభువుల అండ ఇవన్నీ ఉన్నా “ఇక ఇంతే” అన్న తీర్పు చెప్పే హక్కు మనిషికి రాదు. నేటి మార్కుల పట్టికలకూ ఇదే వర్తిస్తుంది. అవి దీపాలు, దారి చూపుతాయి. దీపం వెలుగు పడని చోట గొయ్యి లేదనుకోవడం తెలివి కాదు.

చెప్పాలా, దాచాలా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. అంచనా కష్టమని వచ్చింది. సర్జను దానిని ఎవరికి చెప్పాలి?

మన ఇళ్లలో జరిగేది అందరికీ తెలిసినదే. డాక్టరుగారు భర్తనో పెద్దకొడుకునో గదిలోకి పిలిచి చెబుతారు. వాళ్లు బయటికి వచ్చి ఆమెతో “ఏం లేదే, చిన్నదే” అంటారు. “అమ్మకు చెప్పకు సార్, భయపడతది” అని డాక్టరును కూడా ఒప్పిస్తారు. ఇది ద్రోహబుద్ధితో చేసేది కాదు, ప్రేమతో చేసేదే. అందుకే దీన్ని తేలిగ్గా తీసిపారేయకుండా తూచి చూడాలి.

దాచాలనేవారి వాదంలో బలమైనది ఇది: ప్రతి నిజాన్నీ ప్రతివారికీ చెప్పనవసరం లేదు. అవును, శ్రీసభ సత్యోపదేశం కూడా ఆ మాట అంటుంది. తెలుసుకునే హక్కు లేనివారికి నిజాన్ని వెల్లడించే బాధ్యత ఎవరికీ లేదు. కాని ఇక్కడ తెలుసుకునే హక్కు ఎవరిది? శరీరం ఆమెది. నొప్పి ఆమెది. మచ్చ ఆమెది. ఆమెకు లేని హక్కు ఆమె భర్తకు, కొడుకుకు ఎక్కడ నుంచి వచ్చింది? పన్నెండవ పయస్ పోపుగారు 1952లో వైద్యులనుద్దేశించి చేసిన ప్రసంగంలో, రోగి ఇచ్చిన అధికారమే తప్ప రోగి మీద వైద్యునికి వేరే అధికారం ఏదీ లేదని స్పష్టం చేశారు. వైద్యునికే లేనప్పుడు బంధువులకు ఎలా ఉంటుంది?

మన దేశపు సుప్రీంకోర్టు కూడా 2008లో సమీరా కోహ్లీ కేసులో ఇదే బాట పట్టింది. ఆమె లాప్రోస్కోపీ ద్వారా పరీక్ష చేయించుకోవడానికి ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా బయట ఉన్న తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచినీ అండాశయాలనూ తీసివేశారు. అది చెల్లదని కోర్టు తీర్పు చెప్పింది. ప్రాణాపాయం వంటి ఆగలేని అవసరం ఉంటే తప్ప, పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు పనికిరాదు. తెలివిలో ఉన్నప్పుడు తన మాట తాను చెప్పగలిగిన స్త్రీకి బదులుగా తల్లి సంతకం చాలదు. కన్నతల్లి సంతకమే చాలనప్పుడు మిగతావారి సంగతి చెప్పాలా?

“భయపడుతుంది” అన్నది రెండవ వాదం. నిజమే, భయపడుతుంది. కాని భయాన్ని మనం నిజంగా తీసివేస్తున్నామా, లేక వాయిదా వేస్తున్నామా? రంధ్రాలే అనుకుని పడుకున్న తల్లి, మెలకువ వచ్చేసరికి పొట్టమీద జానెడు కుట్లు చూసుకుంటే, ఆ క్షణంలో కలిగే భయానికి తోడు తనవాళ్లే తనను మోసం చేశారన్న బాధ కూడా చేరుతుంది. ముందే తెలిసిన భయాన్ని పంచుకోవడానికి మనుషులుంటారు. మెలకువలో ఎదురైన భయాన్ని ఆమె ఒంటరిగా మోయాలి.

పైగా ఆమె చేసుకోవలసిన పనులుంటాయి. బీడీలు చుట్టి బతికే తల్లికి రంధ్రాల ఆపరేషన్ అంటే కొద్దిరోజుల కూలి పోవడం, కోత ఆపరేషన్ అంటే వారాల కూలి పోవడం. కంపెనీకి చెప్పుకోవాలి, చీటీ డబ్బులు సర్దుకోవాలి, చిన్నపిల్లను చెల్లెలి దగ్గర దింపిరావాలి. పాపసంకీర్తనం చేసుకోవాలనిపించవచ్చు. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం కోరుకోవచ్చు. రెండవ వాటికన్ మహాసభ తరువాత ఆ సంస్కారం చావు అంచున ఉన్నవారికి మాత్రమే కాదని, ప్రమాదకరమైన జబ్బుకు ఆపరేషన్ జరగబోయే ముందు కూడా ఇవ్వవచ్చని శ్రీసభ బోధిస్తోంది. కాని జబ్బు సంగతే దాచిన ఇంట్లో గురువును పిలవడానికి కూడా జంకుతారు. “ఫాదర్ వస్తే అమ్మకు అనుమానమొస్తది” అంటారు. దాచిన ఒక్క మాట ఇన్ని తలుపులు మూసేస్తుంది.

అయితే చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. అంకెను ముఖాన విసరడం నిజం చెప్పడం కాదు. “మీకు 9 వచ్చింది” అంటే ఆ తల్లికి ఏం అర్థమవుతుంది? “అమ్మా, నీకు ఇదివరకు వాపు వచ్చిపోయింది కదా, లోపల అతుక్కుని ఉండవచ్చు. రంధ్రాలతోనే ప్రయత్నిస్తాం. సరిగా కనబడకపోతే నీ మేలుకోసమే పొట్ట తెరుస్తాం. అది మేం ఓడిపోవడం కాదు. అందుకు నువ్వు ఒప్పుకుంటావా?” – ఇది చెప్పడం. అడగడం కూడా. ఆమె “నాకు వివరాలు వద్దు సారూ, మా పెద్దోనికి చెప్పు” అంటే, అది కూడా ఆమె హక్కే. కాని ఆ మాట ఆమె నోట రావాలి.

కష్టమైన రోగి ఎక్కడికి పోవాలి?

ముందే తెలియడంలో ఒక శోధన కూడా ఉంది. కష్టమైన కేసు అని తెలిసిన వెంటనే తన పేరు కాపాడుకోవడానికి రోగిని వదిలించుకునే వైద్యుడు ఉండవచ్చు. సులువైనదానికీ కష్టమైనదానికీ ప్యాకేజీలో వచ్చే సొమ్ము ఒకటే అయినప్పుడు, సులువైనవారిని ఉంచుకుని మిగతావారిని గేటు చూపించే ఆసుపత్రి ఉండవచ్చు. రోగిని కాపాడటానికి పుట్టిన పట్టిక అప్పుడు రోగిని ఏరివేసే జల్లెడ అవుతుంది. అంకె ఒకటే, అది ఎవరి మేలుకోసం వాడుతున్నామన్నదే నీతి.

దీనికి గురుతు పట్టడం కష్టమేమీ కాదు. “నా చేతిలో ఇది నీకు క్షేమం కాదు, ఫలానా చోట అనుభవమున్నవారున్నారు, నేను మాట్లాడి కాగితం రాసి ఇస్తాను” అనేవాడు రోగిని పంపుతున్నాడు. “మా దగ్గర కాదు, హైదరాబాదు పో” అని ముగించేవాడు రోగిని తోసేస్తున్నాడు. మెదక్ నుంచి హైదరాబాదు దాదాపు వంద కిలోమీటర్లు. డబ్బున్నవారికి అది రెండు మూడు గంటల ప్రయాణం. లేనివారికి అది తెలియని ఊరు, తోడు వచ్చినవారి కూలి, రాత్రి ఎక్కడ పడుకోవాలన్న బెంగ. ఆ దూరాన్ని రోగి ఒక్కడే మోయాలనడం న్యాయం కాదు.

అలాగని తన హద్దు తెలిసి పంపే చిన్న ఊరి సర్జనును “ఈయనకు చేతగాదు” అని మనం చిన్నచూపు చూడడం కూడా అన్యాయమే. రంధ్రాలతో మొదలుపెట్టి, కనిపించక, పొట్ట తెరిచి సురక్షితంగా ముగించిన సర్జనును “ఫెయిలయ్యాడు” అని ఊరంతా చెప్పడం అంతకంటే పెద్ద అన్యాయం. పేరు పోతుందన్న భయంతో ఆగవలసిన చోట ఆగని చేయి రేపు మరొకరి నాళాన్ని తెగ్గోస్తుంది. ఆ పాపంలో మన నాలుకకు కూడా వాటా ఉంటుంది.

మన వంతు

ఆ పట్టికలో అన్నిటికంటే బరువైన 4 మార్కులు దేనికో గమనించారా? వాపుతో ఇంతకుముందు ఆసుపత్రిలో చేరి ఉండడానికి. వయసును ఆపలేం, పుట్టుకను మార్చలేం. కాని ఆపరేషన్ కావాలని డాక్టరు చెప్పిన తరువాత కూడా కోతలు అయిపోనీ, పిల్ల పెళ్లి కానీ, పసరు మందు ఒకటి చూద్దాం అని రెండేళ్లు నెట్టుకొస్తే, ఆ మధ్యలో వచ్చిన ప్రతి వాపూ లోపల ఒక అతుకు వేసి పోతుంది. కష్టమైన ఆపరేషన్ చాలాసార్లు బల్లమీద పుట్టదు. మన వాయిదాల్లో పుడుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. స్కానింగులో రాళ్లు కనబడిన ప్రతివారూ ఆపరేషన్‌కు పరుగెత్తనవసరం లేదు. నొప్పి గాని మరే బాధ గాని లేకుండా మౌనంగా ఉన్న రాళ్లు చాలామందికి జీవితాంతం ఏ హానీ చేయవు. నొప్పి పదేపదే వస్తున్నవారు, నొప్పితో పాటు జ్వరం గాని కళ్లు పచ్చబడటం గాని కనిపించినవారు మాత్రం ఆలస్యం చేయకూడదు. వివేకం అంటే తొందరా కాదు, తాత్సారమూ కాదు. తగిన కాలంలో తగిన పని.

డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి. నా విషయంలో ఇది సులువా, కష్టమా? ఎందుకు? పొట్ట తెరవవలసి వస్తే ఎవరు చేస్తారు? ఇక్కడ చేయించుకోవడం మేలా, వేరే చోటా? పాత జబ్బులు, పాత ఆపరేషన్లు, వాడుతున్న మందులు దాచకుండా చెప్పండి. రోగి దాచినదాన్ని ఏ పట్టికా లెక్కపెట్టలేదు. సంతకం పెట్టే కాగితాన్ని మీ అమ్మకు, మీ భార్యకు చదివి వినిపించండి. చదువు రాకపోయినా ఆమెకు తన శరీరం గురించి వినే చెవులున్నాయి, అర్థం చేసుకునే మనసుంది, దేవునితో ఒంటరిగా మాట్లాడుకోవలసిన ఆత్మ ఉంది.

రేపటిని పూర్తిగా ఎరిగినవాడు దేవుడొక్కడే. కాని ఆయన మనకు రేపటిలో కొంచెం కనబడేంత వెలుగు ఇచ్చాడు. ఆ కొంచెం వెలుగు మొదట ఎవరి దారిలో చీకటి ఉందో వారి ముందు పెట్టవలసినది. దాన్ని మన కొంగు చాటున దాచుకుని, వారిని చీకట్లో నడవమనడం ప్రేమ అనిపించుకోదు.